ఛాతీ సీటీలో ఫిస్టులాను పట్టుకోవడం ఎలా?

ఛాతీలో ఫిస్టులా (లోపల ఉండకూడని దారి) ఉందేమో చూడమని పంపిన పేషెంటుకు కూడా చాలా సెంటర్లలో మామూలు ఛాతీ సీటీయే తీసి పంపేస్తారు. 5 మి.మీ. స్లైసులు, ఒక కాంట్రాస్ట్ ఇంజెక్షన్, రిపోర్టులో "ప్లూరాలో గాలి, నీరు ఉన్నాయి, ఐసీడీ ట్యూబు ఉంది" అని రెండు లైన్లు. (ప్లూరా అంటే ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరల సంచి, ఐసీడీ అంటే అక్కడి గాలి, నీరు బయటికి తీయడానికి ఛాతీలోకి వేసే గొట్టం.) ప్లూరాలో గాలి ఉందని పంపిన డాక్టరుకు ముందే తెలుసు. ఐసీడీకి కలిపిన నీళ్ల బాటిల్లో బుడగలు ఆయన కళ్లెదుటే వస్తున్నాయి. ఆ గాలి ఏ లోబ్ (ఊపిరితిత్తి భాగం) నుంచి, ఏ బ్రాంకస్ (గాలి గొట్టం) నుంచి వస్తోంది, రంధ్రం ఎంత ఉంది, బ్రాంకోస్కోపీతో (గొట్టాల్లోకి కెమెరా పంపి) మూయొచ్చా, ఆపరేషన్ చేయాలా అన్నది తెలియకే ఆయన సీటీ అడిగారు. వాటికి జవాబు రావాలంటే స్కాన్ తీసే పద్ధతీ మారాలి, చదివే పద్ధతీ మారాలి.

ఇది రేడియాలజీ పీజీల కోసం, సీటీ టెక్నీషియన్ల కోసం, ఛాతీ వార్డులో పనిచేసే జూనియర్ డాక్టర్ల కోసం రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య ఉండి, అసలు ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునే వాళ్లూ చదవొచ్చు. రోగ నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌దే.

ఫిస్టులా అంటే కలవకూడని రెండు చోట్ల మధ్య తెరుచుకున్న దారి. గాలి గొట్టాలకూ ప్లూరాకూ మధ్య ఏర్పడితే బ్రాంకోప్లూరల్ ఫిస్టులా (బీపీఎఫ్). శ్వాసనాళానికీ (ట్రేకియా) అన్నవాహికకూ మధ్య అయితే ట్రేకియో ఈసోఫేజియల్ ఫిస్టులా. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఈ రెండే. కాలేయం నుంచి బ్రాంకస్‌లోకి, పెద్ద రక్తనాళం నుంచి శ్వాసనాళంలోకి తెరుచుకునేవి అరుదు. కానీ అలాంటివి తగిలినప్పుడు టైమ్ ఉండదు.

1. ఎక్కడ వెతకాలో ముందే తేల్చుకోండి

కన్సోల్ దగ్గర కూర్చునే ముందు కేస్ షీట్ తెరవండి. అందులో సరిగ్గా లేకపోతే పేషెంటునే అడగండి. పట్టుమని ఐదు నిమిషాల పని, కానీ సగం రోగ నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఐసీడీ ఉంటే ఎప్పుడు వేశారు, బుడగలు దగ్గినప్పుడే వస్తున్నాయా, మామూలుగా ఊపిరి తీసి వదిలినా వస్తున్నాయా అని అడగండి. ఎప్పుడూ వస్తుంటే లీకు పెద్దదని అర్థం. వారం దాటినా ఆగకపోతే ఫిస్టులా అనే అనుకుని వెతకాలి. టీబీ ఉందా, గతంలో దానికి మందులు వాడి మానేశారా అని తప్పకుండా అడగండి. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట పనిచేసేవాళ్లకు ప్లూరాను ఆనుకుని ఉన్న టీబీ క్యావిటీ (గుల్ల) పగిలి చీము, గాలి రెండూ చేరిన ఛాతీ కొత్త విషయం కాదు. స్టాఫిలోకాకస్, క్లెబ్సియెల్లా న్యుమోనియాలు కుళ్లి పగిలినా ఇదే పరిస్థితి వస్తుంది.

ఊపిరితిత్తి ఆపరేషన్ అయిన మనిషైతే ఏ వైపు, ఏ లోబ్, ఎన్ని రోజుల క్రితం అన్నవి రాసుకోండి. ఒక పక్కకు తిరిగి పడుకోగానే కఫం ఒక్కసారిగా ఎక్కువ పడుతోందని చెబితే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ప్లూరాలో చేరిన ద్రవం రంధ్రం గుండా బ్రాంకస్‌లోకి వస్తోందని పేషెంటు తన మాటల్లో మీకు చెప్పేస్తున్నారు.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అనుకోవడం మన ఇళ్లలో మామూలే. కానీ నీళ్లు, మజ్జిగ, చారు గొంతు దిగిన ప్రతిసారీ దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, తిన్న మెతుకులు కఫంలో కనిపిస్తుంటే అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య దారి పడిందేమో చూడాలి. అన్నవాహిక క్యాన్సర్ ఉందా, రేడియేషన్ తీసుకున్నారా, చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారా అని అడగండి. చిన్న పిల్లలైతే బటన్ బ్యాటరీ మింగారా అని అడగాలి. బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కున్న 2 గంటల్లోనే గోడ కాలడం మొదలవుతుంది. ఫిస్టులా మాత్రం బ్యాటరీ తీసేసిన కొన్ని రోజులకో, వారాలకో బయటపడొచ్చు. అందుకే "బ్యాటరీ తీసేశారు కదా" అని నిశ్చింతగా ఉండకూడదు.

కఫం రంగు కూడా అడగండి. పసుపు పచ్చగా, చేదుగా ఉంటే అది పైత్యరసం కావొచ్చు. చాక్లెట్ రంగులో చిక్కగా పడుతూ కుడివైపు డొక్కలో నొప్పి ఉంటే అమీబిక్ లివర్ యాబ్సెస్ (కాలేయంలో చీముగడ్డ) డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) చీల్చుకుని బ్రాంకస్‌లోకి తెరుచుకుని ఉండొచ్చు.

2. టేబుల్ మీద పడుకోబెట్టే ముందు

ఈ భాగం టెక్నీషియన్లు, వార్డు నుంచి పేషెంటును తీసుకొచ్చే సిబ్బంది తప్పకుండా చదవాలి. ఇక్కడ పొరపాటు జరిగితే మనిషి ప్రాణానికే ముప్పు.

బుడగలు వస్తున్న ఐసీడీని స్ట్రెచర్ మీద తీసుకొచ్చేటప్పుడు క్లాంప్ చేయకండి. బాటిల్ ఒలికిపోతుందనో, లిఫ్టులో అడ్డమవుతుందనో క్లాంప్ వేసేస్తుంటారు. ఊపిరితిత్తిలోని రంధ్రం నుంచి గాలి ప్లూరాలోకి వస్తూనే ఉంటుంది, బయటికి వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది. లోపల ఒత్తిడి పెరిగి టెన్షన్ న్యూమోథొరాక్స్ అవుతుంది. బాటిల్ ఎప్పుడూ నిటారుగా, పేషెంటు ఛాతీ కంటే కింద ఉండాలి. టేబుల్ గ్యాంట్రీలోకి (మెషిన్ గుండ్రటి భాగం) జరిగేటప్పుడు ట్యూబు చక్రాల కింద పడకుండా, లాగకుండా ఒకరు పక్కనే ఉండి చూడాలి. స్కాన్ మొదలుపెట్టే ముందు ఒకసారి టేబుల్‌ను ఖాళీగా ముందుకూ వెనక్కూ నడిపి ట్యూబు పొడవు సరిపోతుందో లేదో చూసుకోండి.

రెండోది పడుకునే భంగిమ. ఒకవైపు ప్లూరా నిండా చీము, దానికి బ్రాంకస్‌తో దారి ఉందనుకోండి. ఆ మనిషిని చదునుగా పడుకోబెడితే, ఇంకా ఘోరంగా బాగున్న వైపు కిందికి ఉండేలా పడుకోబెడితే, చీము రంధ్రం గుండా బాగున్న ఊపిరితిత్తిలోకి దిగిపోతుంది. వార్డులో, స్ట్రెచర్ మీద, బయట వెయిటింగ్‌లో తల ఎత్తుగా, జబ్బున్న వైపు కిందికి ఉండాలి. స్కాన్‌కు వెల్లకిలా పడుకోక తప్పదు కాబట్టి ప్లానింగ్ అంతా ముందే చేసుకుని, ఆ పడుకోబెట్టే సమయాన్ని వీలైనంత తగ్గించండి. ఐసీడీ లేకుండా చీము నిండుగా ఉంటే, ముందు కొంత తీసేసి పంపమని వార్డుకు చెప్పడం మంచిది. సక్షన్ మెషిన్, ఆక్సిజన్ చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. టీబీ అనుమానం ఉంటే పేషెంటుకు మాస్కు, గదిలో ఉండేవాళ్లకు ఎన్95.

3. స్కాన్ తీసే పద్ధతి

అన్నిటికంటే ముఖ్యం స్లైస్ మందం. గాలిని -1000, నీటిని 0గా లెక్కపెట్టే కొలతకు సీటీని కనిపెట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. ఆ కొలతతోనే చిన్న లెక్క వేసి చూడండి. 1 మి.మీ. రంధ్రం, దాని చుట్టూ 40 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల కణజాలం. 5 మి.మీ. స్లైస్‌లో ఈ రెండూ కలిసిపోతే సగటు సుమారు -168 వస్తుంది. మామూలు లంగ్ విండోలో (విండో అంటే స్క్రీన్ మీద నలుపు నుంచి తెలుపు దాకా చూపించే అంకెల పరిధి) అది నల్లగా ఉండదు, తెలుపుకు దగ్గరగా ఉన్న బూడిద రంగులో కలిసిపోతుంది. రంధ్రం అక్కడే ఉన్నా స్క్రీన్ మీద కనిపించదు. అందుకే స్లైస్ 1 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉండాలి, పక్క స్లైసుతో కాస్త ఒరుసుకుంటూ పోవాలి. 16 స్లైస్ మెషిన్ మీద కూడా ఇది సాధ్యమే. ఇప్పటికే మందంగా తీసి పంపేశారా? రా డేటా కన్సోల్‌లో ఇంకా ఉంటే సన్నగా రీకన్‌స్ట్రక్ట్ చేయించుకోవచ్చు. మళ్లీ రేడియేషన్ అక్కర్లేదు. అడగడానికి మొహమాటపడకండి.

ఒకే డేటా నుంచి రెండు సెట్లు తయారు చేయించండి. ఒకటి షార్ప్ కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే చిత్రాన్ని తయారుచేసే ఫిల్టర్) లంగ్ కోసం, రెండోది సాఫ్ట్ కెర్నెల్‌తో కోరోనల్ (ముందు నుంచి చూసే), సాజిటల్ (పక్క నుంచి చూసే), త్రీడీ చిత్రాల కోసం. షార్ప్ సెట్ నుంచి త్రీడీ చేస్తే నాయిస్ వల్ల లేని రంధ్రాలు కూడా కనిపిస్తాయి.

గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకోమనండి. ఆయాసంతో పట్టుకోలేని వాళ్లకు కింది నుంచి పైకి స్కాన్ చేయండి. ఊపిరితో ఎక్కువ కదిలేది ఊపిరితిత్తుల కింది భాగం కాబట్టి, ఊపిరి పట్టగలిగిన మొదటి క్షణాల్లోనే అది అయిపోతుంది. మొదటి స్కాన్‌లో దారి కనిపించక, అనుమానం గట్టిగా ఉంటే ఊపిరి వదిలి ఇంకోసారో, పక్కకు తిప్పి ఇంకోసారో ఆ ఒక్క ప్రాంతం వరకు తీయొచ్చు. నీటి మట్టం పక్కకు జరిగితే అంతవరకు మునిగి ఉన్న రంధ్రం గాలిలోకి తేలుతుంది. పక్కకు తిప్పేటప్పుడు మాత్రం పైన చెప్పిన జాగ్రత్త మరిచిపోవద్దు.

గాలి దారిని చూడటానికి సిరలోకి కాంట్రాస్ట్ అవసరం లేదు, గాలే మంచి కాంట్రాస్ట్. చీము గోడలు, క్యాన్సర్, లింఫ్ నోడ్లు, రక్తనాళాలు చూడాలంటే మాత్రం ఇవ్వాలి. రక్తం దగ్గుతున్న మనిషికైతే ధమని దశలో యాంజియో తీయాలి.

అన్నవాహిక ఫిస్టులా అనుమానం ఉంటే నోటి ద్వారా కాంట్రాస్ట్ ఇస్తాం. ఏది ఇస్తున్నామన్నది చాలా ముఖ్యం. గ్యాస్ట్రోగ్రాఫిన్ లాంటి గాఢమైన అయానిక్ మందులు ఊపిరితిత్తిలోకి వెళ్తే చుట్టూ ఉన్న నీటిని లాగేసుకుని పల్మనరీ ఎడీమా తెస్తాయి. ఫిస్టులా ఉందనుకునే మనిషికి వాటిని ఇవ్వకూడదు. అయోహెక్సాల్ లాంటి నాన్ అయానిక్ మందును నీటిలో పల్చగా, సుమారు పదో వంతు ఉండేలా కలిపి టేబుల్ మీదే చిన్న గుక్కలుగా మింగించి, ఆ వెంటనే స్కాన్ చేయాలి. చిక్కగా ఇస్తే చారలు వచ్చి చిత్రం పాడవుతుంది. మింగించడానికి ముందు ఒక సెట్ కాంట్రాస్ట్ లేకుండా తీసి ఉంటే, తర్వాత బ్రాంకస్‌లో కనిపించే తెల్లటి మెరుపు కొత్తగా వెళ్లిన మందా, పాత కాల్షియమా అన్న తగవు ఉండదు.

4. చదవడం: ముందు ట్యూబు చూడండి

బుడగలు ఆగడం లేదని పంపిన ప్రతి పేషెంటులోనూ ముందు ఐసీడీ ట్యూబునే చూడండి. ట్యూబు పొడవునా ఒక తెల్ల గీత కనిపిస్తుంది. చివరి పక్క రంధ్రం ఉన్న చోట ఆ గీత తెగినట్టు ఉంటుంది. ఆ తెగిన చోటు పక్కటెముకల బయట, చర్మం కింద ఉంటే బయటి గాలే ట్యూబులోకి దూరి బుడగలు వస్తున్నాయి. అక్కడ ఫిస్టులా లేదు, ట్యూబు సరిచేస్తే చాలు. ట్యూబు కొన ఊపిరితిత్తిలోకే గుచ్చుకుని ఉంటే లీకుకు కారణం అదే కావొచ్చు. ఫిషర్‌లో (లోబ్‌ల మధ్య చీలిక) ఇరుక్కుందేమో కూడా చూడండి. సాజిటల్‌లో, ట్యూబు వెంట వంచిన ఆబ్లిక్‌లో (ఏటవాలు చిత్రం) ఇది చక్కగా తెలుస్తుంది. అన్నిటికంటే తేలిగ్గా పట్టుకోగలిగేది, చాలామంది వదిలేసేది ఇదే.

ట్యూబు బాగానే ఉందంటే అసలు వెతుకులాట మొదలవుతుంది.

5. గాలి వెంట నడవండి

పంచర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ నుంచి వస్తుందో చూస్తారు, రబ్బరంతా అంగుళం అంగుళం తడమరు. ఇక్కడా అంతే. ప్లూరాలో గాలి ఎక్కడ ఎక్కువగా చేరింది, చిన్న చిన్న బుడగలు ఎక్కడ గుంపుగా ఉన్నాయి అన్నది ముందు చూడండి. తర్వాత ఆ చోటుకు వెళ్లే బ్రాంకస్‌ను పట్టుకోండి.

లంగ్ విండో విడ్త్ 1500, లెవెల్ -600తో మొదలుపెట్టండి. ట్రేకియా నుంచి కిందికి, మెయిన్ బ్రాంకస్, లోబార్, సెగ్మెంటల్ అలా ఒక్కో కొమ్మను ప్లూరా అంచు వరకు అనుసరించండి. మామూలు ఊపిరితిత్తిలో బ్రాంకస్‌లు అంచుకు చేరేలోపే సన్నబడి కనిపించకుండా పోతాయి. ప్లూరాను తాకేదాకా నల్లగా, వెడల్పుగా ఒక గొట్టం కనిపిస్తే అక్కడ ఆగండి. స్లైసులను ఒక్కొక్కటిగా మెల్లగా పైకి కిందికి తిప్పండి. గొట్టంలోని నలుపు, ప్లూరాలోని నలుపు ఒకే స్లైస్‌లో, మధ్యలో బూడిద గీత ఏమీ లేకుండా కలిశాయా? పక్క స్లైస్‌లోనూ కలిశాయా? గొట్టం పొడవునా సాగేలా ఆబ్లిక్ తీస్తే అక్కడా కలిశాయా? మూడింటికీ అవునంటే దారిని మీరు కళ్లారా చూసినట్టే.

విండో ఇరుగ్గా ఉంటే సన్నటి గోడ మాయమై లేని దారి కనిపిస్తుంది. విడ్త్ 2000 దాకా పెంచి, లెవెల్‌ను -200 దగ్గరికి తెచ్చి మళ్లీ చూడండి. గోడ ఉంటే పల్చటి గీతగా తిరిగి కనిపిస్తుంది. మినిమం ఇంటెన్సిటీ చిత్రాలు గాలి దారులను ఒక చోట చేర్చి చూపిస్తాయి కాబట్టి మొదట ఎక్కడ చూడాలో చెప్పడానికి పనికొస్తాయి. కానీ 3 నుంచి 5 మి.మీ. మందం దాటితే ముందూ వెనకా ఉన్న రెండు గాలి గదులను కలిపి చూపిస్తాయి. వర్చువల్ బ్రాంకోస్కోపీ (సీటీ నుంచి కంప్యూటర్ తయారుచేసే గొట్టాల లోపలి దృశ్యం) సర్జన్‌కు చూపించడానికి బాగుంటుంది. దాన్ని ఒక్కదాన్నే చూసి ఫిస్టులా అని రాయొద్దు.

టీబీ ఛాతీలో ప్లూరా మందంగా, కాల్షియంతో గట్టిపడి, పక్కనే బ్రాంకియెక్టసిస్ (శాశ్వతంగా వెడల్పైన) గొట్టాలు ఉంటాయి. పాత ఎక్స్-రేలో గాలి లేని అలాంటి సంచిలో ఇప్పుడు కొత్తగా గాలి చేరిందంటే, ఈలోగా సూది పెట్టి నీరు తీయలేదని తేలితే, దారి కనిపించకపోయినా ఫిస్టులా ఉందనే అనుకోవాలి. పాత ఫిల్ములు అడిగి తెప్పించుకోండి. మనవాళ్లు వాటిని పారేయరు, ఏదో ఒక సంచిలో ఉంటాయి.

పేషెంటు ఊపిరితిత్తిలో ఉన్నది యాబ్సెస్సా, ప్లూరాలో ఉన్న చీమా అన్నది కూడా ఇక్కడే తేల్చాలి. యాబ్సెస్ గుండ్రంగా, మందమైన గరుకు గోడతో ఊపిరితిత్తిని తినేస్తూ ఉంటుంది. ప్లూరాలోని చీము కటకం ఆకారంలో ఛాతీ గోడ వెంట సాగి, ఊపిరితిత్తిని, దాని రక్తనాళాలను పక్కకు నెడుతుంది. కాంట్రాస్ట్ ఇస్తే దాని రెండు పొరలూ విడివిడిగా మెరుస్తాయి. ఎక్స్-రేలో అయితే గాలి-నీటి మట్టం పొడవు ముందు నుంచి తీసిన ఫిల్ములోనూ, పక్క నుంచి తీసిన ఫిల్ములోనూ వేరువేరుగా ఉంటే ప్లూరాలో ఉన్నట్టు, దాదాపు సమానంగా ఉంటే యాబ్సెస్ అన్నట్టు. యాబ్సెస్‌లో ఐసీడీ వేస్తే కొత్త ఫిస్టులాను మన చేతులతో మనమే చేసినట్టవుతుంది, అందుకే ఇంత పట్టుదల.

6. ఆపరేషన్ తర్వాతి స్టంప్

ఒక ఊపిరితిత్తి మొత్తం తీసేశాక ఆ ఖాళీ వారాలు, నెలల్లో నీటితో నిండాలి. గాలి మట్టం పైకి పోతూ చివరికి మాయమవ్వాలి. ఎక్కిన నీటి మట్టం 2 సెం.మీ. కంటే ఎక్కువ దిగినా, పోయిన గాలి మళ్లీ కనిపించినా, ఆపరేషన్ వైపు జరిగిన గుండె, ట్రేకియా తిరిగి రెండోవైపు కదిలినా స్టంప్ (కోసి మూసిన బ్రాంకస్ మొదలు) విడిపోయిందేమోనని చూడాలి. ఇది కుడివైపు ఎక్కువ. కుడి మెయిన్ బ్రాంకస్ వెడల్పు, దాని స్టంప్‌కు మీడియాస్టినమ్ (ఛాతీ మధ్య భాగం) కణజాలం కప్పు తక్కువ. ఎడమ స్టంప్ ఎయోర్టా ఆర్చ్ (పెద్ద ధమని వంపు) కిందికి ముడుచుకుపోయి కాస్త రక్షణలో ఉంటుంది.

స్టంప్‌ను కోరోనల్‌లోనూ, బ్రాంకస్ వెంట ఆబ్లిక్‌లోనూ చూడండి. స్టేపుల్స్ వరుస ఎక్కడైనా తెగిందా, బయట చిన్న బుడగలు అతుక్కుని ఉన్నాయా, గోడలో ఖాళీ ఉందా. కొలవాల్సినవి మూడు: రంధ్రం వ్యాసం, స్టంప్ పొడవు, కారైనా (ట్రేకియా రెండుగా చీలే చోటు) నుంచి దూరం. సుమారు 5 మి.మీ. లోపు రంధ్రానికి బ్రాంకోస్కోపీ ద్వారా జిగురు, వాల్వ్ లాంటివి ప్రయత్నిస్తారు. పెద్దదైతే సర్జరీ మాట ఆలోచిస్తారు. మీరు రాసే అంకెను బట్టి ఆ మనిషికి మళ్లీ ఛాతీ తెరవాలా వద్దా అన్నది నిర్ణయమవుతుంది. కొలత తీసే ముందు విండో సరిచూసుకోండి. విండో మారితే రంధ్రం సైజు మారినట్టు కనిపిస్తుంది.

7. అన్నవాహిక వైపు

ట్రేకియా వెనక గోడలో మృదులాస్థి ఉండదు. అన్నవాహిక దానికి సరిగ్గా ఆనుకుని ఉంటుంది. ఎడమ మెయిన్ బ్రాంకస్ అన్నవాహిక ముందు నుంచి అడ్డంగా వెళ్తుంది. క్యాన్సర్ తినేసినప్పుడు దారి పడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే, కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగండి. వెంటిలేటర్ పేషెంటులో కఫ్ (శ్వాస గొట్టం చుట్టూ ఉబ్బే బెలూన్) ఉన్న ఎత్తులో చూడండి. కఫ్ ట్రేకియా కంటే వెడల్పుగా ఉబ్బి ఉందా, వెనక అన్నవాహికలో రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి కడుపులోకి వేసేది) ఉందా? రెండింటి మధ్య నలిగిన గోడే చిల్లుపడుతుంది. కడుపు గాలితో ఉబ్బడం, అన్నవాహిక గాలితో తెరుచుకుని ఉండటం, రెండు ఊపిరితిత్తుల వెనక భాగాల్లో, కింది లోబ్‌లలో మచ్చలు మచ్చలుగా న్యుమోనియా ఉండటం సాక్ష్యాన్ని బలపరుస్తాయి.

ఇక్కడ తప్పుదారి పట్టించేది ఒకటుంది. మెడ, ఛాతీ కలిసే చోట ట్రేకియాకు కుడివైపు వెనకగా చిన్న గాలి సంచి కొంతమందిలో మామూలుగానే ఉంటుంది. అది ట్రేకియా డైవర్టిక్యులమ్. అన్నవాహికతో దానికి సంబంధం ఉండదు. పేషెంటుకు పొలమారడం లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి అంటే దాన్ని చూసి కంగారు పడొద్దు, పెట్టొద్దు. ఇంకోటి, బ్రాంకస్‌లో కాంట్రాస్ట్ కనిపించగానే ఫిస్టులా అనుకోకండి. మింగడం సరిగ్గా రాని మనిషిలో అది గొంతు దగ్గరే పైనుంచి జారి ఉండొచ్చు. మందు ముందు ఏ ఎత్తులో కనిపించిందో చూడండి. స్వరపేటిక కింద నుంచి ట్రేకియా పైభాగమంతా తడిసి ఉంటే ఆస్పిరేషన్. పైభాగం శుభ్రంగా ఉండి కింద ఒకచోట నుంచే మొదలైతే ఫిస్టులా.

అప్పుడే పుట్టిన పాపాయిలకు సాధారణంగా సీటీ అవసరం పడదు. పుట్టుకతో వచ్చే రకాల్లో సుమారు 85 శాతం అన్నవాహిక పైభాగం మూసుకుపోయి, కింది భాగం ట్రేకియాతో కలిసేవే. ఎక్స్-రేలో ట్యూబు పై సంచిలో చుట్టుకోవడం, కడుపులో గాలి ఉండటం, ఈ రెండూ చాలు. అన్నవాహిక బాగానే ఉండి మధ్యలో ఏటవాలు దారి మాత్రమే ఉండే హెచ్ రకం సుమారు 4 శాతం. పాలు తాగినప్పుడల్లా దగ్గుతూ, మళ్లీ మళ్లీ న్యుమోనియాతో నెలల తరబడి తిరిగే పిల్లల్లో దాన్ని గుర్తుంచుకోవాలి. దానికి ముందు చేయాల్సింది ఫ్లోరోస్కోపీలో ట్యూబును పైకి లాగుతూ కాంట్రాస్ట్ ఇచ్చే పరీక్ష.

8. అరుదైనవి

కుడి డయాఫ్రమ్ దగ్గర కాలేయంలో యాబ్సెస్, దాని పైనే కింది లోబ్‌లో కన్సాలిడేషన్ (గాలి పోయి గట్టిపడటం), యాబ్సెస్‌లో గాలి ఉంటే కోరోనల్, సాజిటల్‌లో డయాఫ్రమ్ గీత తెగిన చోటు వెతకండి. హైడాటిడ్ తిత్తి (టేప్‌వార్మ్ వల్ల వచ్చేది) కూడా ఇలా పైకి తెరుచుకుంటుంది. పైత్యం కఫంలో పడుతుంటే ఎమ్మార్ కొలాంజియో (పైత్యనాళాల ఎమ్మారై) అడగండి.

ట్రేకియాస్టమీ (మెడలో శ్వాస కోసం పెట్టిన రంధ్రం) ఉన్న మనిషికి ఉన్నట్టుండి కొద్దిగా ఎర్ర రక్తం పడి ఆగిందంటే, ఎయోర్టా ఎన్యూరిజమ్ (ధమని ఉబ్బు) లేదా గ్రాఫ్ట్ (అమర్చిన కృత్రిమ నాళం) ఉన్న మనిషి రక్తం దగ్గారంటే, అది పెద్ద రక్తస్రావానికి ముందు హెచ్చరిక కావొచ్చు. ఫిస్టులాలోంచి కాంట్రాస్ట్ కారుతూ సీటీలో దొరకడం అరుదు. ధమని గోడ, ట్రేకియా మధ్య కొవ్వు పొర పోవడం, గోడ మీద చిన్న ఉబ్బు, పక్కనే గాలి బుడగ, ఇవి కనిపిస్తే చాలు. పేషెంటు పరిస్థితి బాగా లేకపోతే సీటీ కోసం ఆపకుండా ఆపరేషన్ థియేటర్‌కే పంపాలి.

9. దారి కనిపించకపోతే

సన్నగా తీసి, అన్ని కోణాల్లో చూసినా కొన్నిసార్లు కనిపించదు. కఫం అడ్డుపడి దారి తాత్కాలికంగా మూసుకుని ఉండొచ్చు. "ఫిస్టులా లేదు" అని రాయకండి. బ్రాంకోస్కోపీలో ఒక్కో బ్రాంకస్‌ను బెలూన్‌తో మూస్తూ బాటిల్లో బుడగలు ఎప్పుడు తగ్గుతాయో చూస్తారు, మిథిలీన్ బ్లూ వేసి రంగు ఎటు వస్తుందో చూస్తారు. మీ సీటీ ఏ సెగ్మెంట్ వైపు అనుమానం చూపిస్తే ఆ డాక్టర్ అక్కడి నుంచి మొదలుపెడతారు, పేషెంటుకు ఆ మేరకు అవస్థ తగ్గుతుంది.

10. రిపోర్టు

దారిని చూశారా, ఊహించారా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చండి. చూస్తే ఇలా: "కుడి పై లోబ్ పోస్టీరియర్ సెగ్మెంటల్ బ్రాంకస్ ప్లూరాలోకి తెరుచుకుంది. 3 మి.మీ. వెడల్పు. సిరీస్ 4, ఇమేజ్ 112. కోరోనల్‌లోనూ నిర్ధారణ అయింది." ఊహిస్తే ఇలా: "దారి నేరుగా కనిపించలేదు. కుడి కింది లోబ్ పక్కన బుడగల గుంపు, పాత ఫిల్ముతో పోలిస్తే పెరిగిన గాలి వల్ల సుపీరియర్ సెగ్మెంట్ వైపు ఫిస్టులా అనుమానం." ఈ రెండింటినీ కలిపేసి "బీపీఎఫ్ ఉన్నట్టుంది" అని రాస్తే సర్జన్‌కు ఏ నమ్మకంతో కత్తి పట్టాలో తెలియదు. తర్వాత ట్యూబు స్థానం, చీము ఎంత, గదులుగా విడిపోయిందా, మిగిలిన ఊపిరితిత్తి విచ్చుకోగలిగే స్థితిలో ఉందా, రెండోవైపు ఊపిరితిత్తిలోకి చీము చిందిన ఆనవాళ్లు ఉన్నాయా రాయండి. అన్నవాహిక ఫిస్టులాలో స్టెంట్ (లోపల వేసే గొట్టం) పెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి కారైనా నుంచి ఎంత పైన ఉందో, ట్రేకియా వ్యాసం ఎంతో ఇవ్వండి.

టెన్షన్ న్యూమోథొరాక్స్, రక్తనాళ ఫిస్టులా అనుమానం, బాగున్న వైపు చీము చిందడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా టైపింగ్ కోసం ఆగకుండా ముందు ఫోన్ చేయండి.

పేషెంటు చేతికి ఫిల్ములు మాత్రమే ఇచ్చి పంపకండి. జిల్లా కేంద్రంలో తీసిన స్కాన్‌తో వాళ్లు హైదరాబాదో, విశాఖో, వెల్లూరో వెళ్తారు. అక్కడ ఫిల్ములోని మందం స్లైసులు ఎవరికీ పనికిరావు, మళ్లీ డబ్బు, మళ్లీ రేడియేషన్, మళ్లీ చదునుగా పడుకోవడం. 1 మి.మీ. సెట్ మొత్తం సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో డైకామ్‌గా (స్కాన్ చిత్రాల అసలు ఫైళ్లు) వేసి ఇవ్వండి. ఇచ్చే ముందు వేరే కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి.